నాయన పీకాల్సిన పన్ను

పంటి డాక్టరు గది తలుపు తోయగానే లవంగ నూనె వాసన గుప్పున ముఖానికి కొట్టింది. బడి తెరవడానికి ఇంక నాలుగే రోజులున్నాయి. పిల్లల పళ్ళు చూపించి, డాక్టరు సంతకంతో ఫారం పట్టుకురమ్మని మా అమ్మాయి బడివాళ్ళు ఎప్పుడో చెప్పారు. నేను అంబత్తూరు ఆఫీసుకు ఒక పూట సెలవు పెట్టి, ఎప్పటిలాగే ఆఖరి నిమిషంలో, రొప్పుకుంటూ దాన్ని లాక్కొచ్చాను. ఆ చల్లటి గదీ, గోడ మీద పళ్ళికిలించే మొసలి బొమ్మా నాకు కొత్తవే గానీ, ఆ వాసన మాత్రం నాదే. కోడంబాక్కంలో మా స్టోరు వాకిట్లో మే నెలాఖరున మా అవ్వ రోట్లో పండ్లపొడి దంచేటప్పుడు వచ్చే వాసన అది.

స్టోరంటే కొట్టు అనుకునేరు. నడిమి వాకిలి చుట్టూ ఎనిమిది వాటాలు, అందరికీ కలిపి ఒకటే కొళాయి, పైన నాటు పెంకులు, అదీ స్టోరంటే. ఉండేవాళ్ళంతా సినిమా స్టూడియోల్లో పనిచేసేవాళ్ళే, బట్టలు కుట్టేవాళ్ళు, సెట్లకు రంగులేసేవాళ్ళు, యూనిట్టుకు వండిపెట్టేవాళ్ళు. మా నాయన లైట్‌మన్. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది, నాయనా నేనూ నాయన తల్లి అయిన మా అవ్వా రెండు గదుల్లో ఉండేవాళ్ళం. మే నెల కత్తిరి ఎండలు కాసి, మామిడిపళ్ళ జీడికి మూతులు పొక్కి, ఉప్పూ కారం అద్దిన పచ్చి ముక్కలకు పళ్ళు పులిసిపోయి, కొత్త నోటుబుక్కులకు ఖాకీ అట్టలు వేసుకునే రోజులు దగ్గరపడేసరికి, అవ్వ వరి ఊకను మూకుట్లో నల్లగా కాల్చి, కల్లుప్పూ పటికా కరక్కాయా లవంగాలూ వేసి మెత్తగా దంచి, తన పాత చీర గుడ్డలో జల్లించి, ఏడాదికి సరిపడా సీసాల్లో నింపేది. ఆ పొడితో తోముకుంటే ఊసినదంతా నల్లగా ఉండేది, కాసేపటిదాకా నాలుక మొద్దుబారిపోయేది.

బడి తెరిచే ముందు ఆదివారం పొద్దున నాయన మా పళ్ళ తనిఖీ చేసేవాడు. ఔట్‌డోర్ షూటింగుల్లో ఎండను నటుల ముఖం మీదికి మళ్ళించడానికి వాడే రిఫ్లెక్టరు, అంటే వెండి కాగితం అంటించిన చెక్క, మూల విరిగిందని పారేస్తే నాయన ఇంటికి తెచ్చి తలుపు వెనక పెట్టుకున్నాడు. దానితో వాకిట్లోని ఎండను పట్టి మా నోళ్ళలోకి విసిరేవాడు. స్టోరు పిల్లలమంతా అరుగు మీద వరుసగా కూర్చుని, కళ్ళు చిట్లించి, నోళ్ళు బార్లా తెరిచేవాళ్ళం. కదిలే పన్ను కనబడిందంటే అయిపోయామన్నమాటే! మల్లెపూలు కట్టే దారం పంటికి చుట్టి, "ఆడ చూడు, పెంకుల మింద కోతి!" అనేవాడు, చూసేలోపల పన్ను దారానికి వేలాడుతుండేది. అవ్వ పరిగెత్తుకొచ్చి ఆ సందులో లవంగం పొడి అదిమేది. ఊడిన పంటిని పేడముద్దలో పెట్టి పెంకుల మీదికి విసిరితే పిల్లలమంతా కేకలు పెట్టేవాళ్ళం.

నా వంతు అందరికంటే చివర. "మన బిడ్డ కడాన" అనేవాడు నాయన. ఆ వెలుతురు నా నోట్లో అందరికంటే ఎక్కువసేపు నిలిపేవాడు, నాలుక వెచ్చబడేదాకా. ఎప్పుడూ ఏదో షూటింగని తెల్లారకముందే వెళ్ళి నేను నిద్రపోయాక వచ్చే మనిషి, ఏడాది మొత్తంలో నన్ను అంతసేపు చూసేది ఆ ఒక్క రోజే. ఆ రోజు కోసమే నేను ఎండాకాలమంతా ఎదురుచూసేదాన్ని.

నాకు ఏడేళ్ళప్పుడు పైవరసలో ముందుపళ్ళ పక్కది కదలడం మొదలైంది. సరిగ్గా అప్పుడే నాయన ఊటీ షూటింగుకు బయల్దేరాడు. సంచి భుజానికేసుకుని, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ, "బడి తెరిచేలోపల వచ్చేస్తా మే. ఆ పన్ను నేనే పీకతా, ఎవురినీ తాకనీబాకు" అన్నాడు.

ఇంకేముంది, ఆ పంటికి కాపలా కాయడమే నా పనైపోయింది. మురుకులు మానేశాను, ఇడ్లీ కూడా ఎడమ దవడతోనే నమిలేదాన్ని. "ఏమ్మే, పిల్లి మాదిరి ఒక పక్కనే నములతా ఉండావే?" అని అవ్వ గద్దిస్తే మూతి బిగించుకునేదాన్ని. ఆ ఆదివారం వచ్చింది, నాయన రాలేదు. పోనీ నేను పీకుతానని పక్కవాటా టైలరు మామ దారం తెస్తే ఆయన వేలు కొరికాను. పిల్లలు రిఫ్లెక్టరు ఆడుకోవడానికి అడిగితే ఇవ్వక, దాన్ని పట్టుకుని తలుపు వెనకే కూర్చున్నాను. బడి తెరిచారు. పన్ను ఎక్కడ రాలిపోతుందోనని తరగతిలో నవ్వేదాన్ని కాదు, పాఠం గట్టిగా చదివేదాన్ని కాదు, పిల్లలు మూగదానా అని పిలవసాగారు. ఏడుపొచ్చేది. అయినా నోరు తెరవలేదు.

బడి తెరిచి నెల దాటాక, ఆడిమాసం గాలుల్లో వచ్చాడు నాయన, ముఖం కమిలిపోయి, చేతిలో నీలగిరి తైలం సీసాతో. ఆయన చెప్పులు విప్పకముందే రిఫ్లెక్టరు ఎత్తుకొచ్చి ఇచ్చి, అరుగు మీద కూర్చుని నోరు తెరిచాను. నవ్వుతూ ఎండను తిప్పాడు. ఆ నవ్వు ఆగిపోయింది.

"అయ్యయ్యో, ఎనకాల ఇంకో పన్ను వచ్చేసిండాదే! ఇన్ని దినాలు ఎందుకు పెట్టుకున్నావు?"

"నువ్వే గదా నాయనా, నువ్వొచ్చి పీకతానన్నావు."

"నేనా?" అన్నాడు. "నేనెప్పుడు చెప్పినా?"

అబద్ధం కాదు. నిజంగానే గుర్తులేదు ఆయనకు. వేలితో అలా తాకాడో లేదో పన్ను ఊడొచ్చింది, దారం అవసరమే రాలేదు. నేను వెక్కివెక్కి ఏడిస్తే నొప్పికి అనుకున్నారు. రెండు నెలలు ప్రాణంలా దాచుకున్న మాట, ఆయన చెప్పులేసుకుంటూ అనేసి వెళ్ళిపోయిన మాట! ఆ తర్వాత ఏ ఏడూ నాయన ఆ ఆదివారం తప్పలేదు. నేనే ఎదురుచూడటం మానేశాను. వెనక వచ్చిన పన్ను అలాగే వంకరగా నిలిచిపోయింది.

డాక్టరమ్మ లైటు కిందికి లాగి మా అమ్మాయి నోట్లోకి చూసి, "పాలపన్ను ఊడకుండానే వెనక కొత్తది వచ్చేసింది, ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు?" అని తమిళంలో అడిగింది. నాకు కోపం ముంచుకొచ్చింది.

"ఎందుకే నాతో చెప్పలేదు?"

"నువ్వే గదా చెప్పినావు," అంది అది, కుర్చీలో పడుకునే. "లీవ్ పెట్టి నేనే చూపిస్తా, అంతవరకు పన్ను తాకొద్దు అని. నేను తాకలేదు."

నేనెప్పుడు చెప్పాను? ఏ పొద్దున, ఏ బస్సు కోసం పరిగెడుతూ? ఎంత వెతికినా గుర్తు రాలేదు. ఆ ప్రశ్న గొంతుదాకా వచ్చింది, నాలుక నా వంకర పన్నుకు తగిలింది.

"అవును," అన్నాను. "నేనే చెప్పినా. మరిచిపోయినా, తప్పు నాదే తల్లీ."

అది నా వైపు చూడలేదు. డాక్టరమ్మ వైపు తిరిగి నోరు తెరిచింది.

పీకిన పంటిని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చారు. స్టోరు పడగొట్టి చాలా ఏళ్ళయింది, అవ్వ లేదు, నాయనా లేడు, మేముండేది నాలుగో అంతస్తు, విసరడానికి కనుచూపు మేరలో ఒక్క పెంకు లేదు. ఇంటికొచ్చాక నాకేం బుద్ధి పుట్టిందో, తళతళలాడే స్టీలు పళ్ళెం ఒకటి తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాను. ఎదురుగా కొత్తగా కట్టిన అపార్టుమెంటు నీడ బాల్కనీ అంతా పరుచుకుని ఉంది. ఎంత తిప్పినా పళ్ళెంలోకి ఎండ పడలేదు. అమ్మాయిని పిలుద్దామని లోపలికి వచ్చాను. అది బాత్రూము అద్దం ముందు నిలబడి, ఫోను టార్చి నోట్లోకి వేసుకుని, పన్ను ఊడిన సందును తనే చూసుకుంటోంది. పళ్ళెం పట్టుకుని నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.