బొమ్మ వెనుక పువ్వు

ఎమర్జెన్సీకి భయపడి ఆయన కార్టూన్లు మానేశాడని వరంగల్‌లో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. మాన్పించింది నేను.

ఆయన కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. మా వారపత్రికకు బొమ్మలు గీసేవాడు. నేను అక్కడ ప్రూఫులు దిద్దేవాణ్ణి. రాజ్యాంగాన్ని పార్లమెంటు ఎంతవరకు మార్చవచ్చన్న తగువు కోర్టుల్లో నడుస్తున్న రోజులవి. మంత్రి కత్తెరతో రాజ్యాంగాన్ని కత్తిరిస్తుంటే, జడ్జి దర్జీ టేపు పట్టుకుని "నడుము కాడ ఆగు" అంటున్నట్టు గీశాడొకసారి. టీకొట్టు దగ్గర వారమంతా అదే నవ్వు.

అచ్చుకు బ్లాకు చేయించాక అసలు బొమ్మతో పత్రికకు పని ఉండదు. వాటిని నేను ఇంటికి తెచ్చుకుని, మైదా జిగురుతో ఆల్బంలో అంటించేవాణ్ణి. సిరా వాసన, తెల్లరంగు పూసి దిద్దిన చోట్లు, అచ్చులో కనిపించని పెన్సిల్ గీతలు. ఆదివారమంతా వాటినే చూసుకునేవాణ్ణి.

ఒకరోజు ఆయన ఆఫీసుకొచ్చాడు.

"తమ్మీ, ఆ కత్తెర బొమ్మ యాడున్నది? దాని ఎన్కకు మా నాయిన ఏసిన పువ్వు నమూనా ఉన్నది. గా పువ్వే కావాల్నని హసన్‌పర్తి నుంచి బేరమొచ్చింది. నాయినకు ఇప్పుడు కండ్లు కనవడుతలేవు. ఒక్కదినం ఇయ్యి, ఇంకో కాయితం మీదికి ఎక్కించుకొని ఇస్తా."

కాగితం దండగ కాకూడదని ఆయన పాత నమూనాల గళ్ల కాగితాల వెనుకే గీసేవాడు. ఆ వెనుక వైపుకే నేను జిగురు పూశాను. ఊడదీస్తే బొమ్మ చిరుగుతుంది.

"లేదన్నా, ప్రెస్సోళ్లు పారేసిన్రు."

"మా నాయిన చేతిగీత వాళ్లకు చెత్త లెక్క కనవడ్డదా? ఇగ నేను గియ్య, పో!"

నెల తిరక్కుండానే ఎమర్జెన్సీ వచ్చింది. భయపడ్డాడని జనం అనుకున్నారు. నేను నోరు విప్పలేదు.

పన్నెండేళ్ల తర్వాత, మొన్న, ఆల్బం తీసుకుని కొత్తవాడ వెళ్లి అంతా చెప్పాను. వాళ్ల నాయిన ఎప్పుడో పోయాడు. ఆయన ఆల్బం అందుకుని కత్తెర బొమ్మ తీశాడు. పేజీ ఎండకెత్తి పట్టాడు. కత్తెర వెనుక నుంచి గళ్లగళ్లగా పువ్వు మసకగా తేలింది. వేలితో గళ్లు లెక్కపెట్టుకున్నాడు.

"ఏడో గడి కాడ రేక మలపాలె. నేను యాదికున్నట్టు ఎనిమిదో గడి కాడ మలుపుతాన. గిన్నేండ్ల సంది తప్పే నేస్తున్న" అన్నాడు.

ఆల్బం అక్కడే ఉంచి వచ్చాను.