మణెమ్మ టీచర్ మీదేసుకున్న తప్పు

ఈ ఉదయం ఉప్పునుంతల దగ్గర నేను వ్యాయామ టీచరుగా పనిచేసే బడికి ఆటసామాను వచ్చింది. సంచి మూతి విప్పగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. పైన కోలగా ఉన్న రగ్బీ బంతులు, అడుగున రెండే రెండు ఫుట్‌బాళ్లు. పిల్లలు కోలబంతుల కోసం ఎగబడ్డారు. మణెమ్మ టీచర్ గుర్తొచ్చారు.

బిజినేపల్లి వైపు మా ఊళ్లో ఆడపిల్లల చేత మొదట ఫుట్‌బాల్ ఆడించింది ఆమే. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. మొరం నేల మీద రాళ్లు ఏరించి, సున్నంతో గీతలు గీసి, కూలికి పోయే తల్లుల ఇళ్లకు తిరిగి తిరిగి పదమూడు మందిని కూడగట్టారు. మేము నాగర్‌కర్నూల్ పిల్లల్ని ఓడించే దాకా వచ్చాం. సరిగ్గా అప్పుడే పట్నం నుంచి రగ్బీ కోచ్ దిగాడు. బూట్లు, రంగు బనియన్లు తెచ్చాడు. "ఫుట్‌బాల్ ఆడేటోళ్లు ప్రతి జిల్లాల ఉన్నరు. రగ్బీ ఇంక ఎవ్వరికీ రాదు. జర కష్టపడితే రాష్ట్రం జట్టుల ఉంటరు," అని తల్లిదండ్రులకు చెప్పాడు. అందులో అబద్ధం లేదు. రాష్ట్ర జట్టులో ఆడిన సర్టిఫికెట్ ఉంటే పోలీసు ఉద్యోగం వస్తుందని మా నాయనకూ ఆశ పుట్టింది. వారం తిరిగేసరికి టీచర్ దగ్గర ఆరుగురమే మిగిలాం.

నేనూ, నా స్నేహితురాలు అంజలీ వెళ్లి మేమూ పోతామని చెప్పాం. టీచర్ చేతిలోని సున్నం డబ్బా కింద పెట్టారు.

"పోండ్రి. మీ బతుకు బాగుపడితే నాకేం బాధ? కానీ దెబ్బ తగలకుండ పడుడు నేర్పినంకనే మనిషిని పట్టి పడేసుడు నేర్పుమని మీ సారుకు చెప్పండ్రి."

మేము చెప్పలేమని ఆమెకు తెలుసు. తనే కోచ్ దగ్గరికి వెళ్లారు. "జర మెత్తటి నేల చూడు సారూ. ఈ మొరం మీద పిల్లలు పడితే ఎట్ల?"

"సెలక్షన్లు దగ్గరికొచ్చినయి మేడం. మీ ఆట పోతున్నదని మా ఆటకు అడ్డం రాకండి," అన్నాడతను.

ఆ మాట పడ్డాక ఆమె మళ్లీ అటు రాలేదు.

మేము చేరిన ఐదో రోజు బంతితో పరుగెత్తుతున్న అంజలిని, రగ్బీలో ఆపే తీరులోనే, నేను నడుము పట్టి పడేశాను. తల ముందుగా నేలకు తగిలింది. "కాళ్లు తెలుస్తలేవే," అంది. కోచ్ ఫోన్ చెవిన పెట్టుకుని గేటు దాటాడు, తిరిగి రాలేదు. కబురు విని పరుగెత్తుకొచ్చిన టీచరే, ఆటోలో అంజలి మెడ కదలకుండా రెండు చేతులతో పట్టుకుని నాగర్‌కర్నూల్ దవాఖాన దాకా కూర్చున్నారు. అక్కడ అంజలి తల్లి బాలమ్మ, "ఎవరు పడేసిన్రు నా బిడ్డను?" అని అరిచింది. నేను నోరు తెరిచేలోపే టీచర్ నా చెయ్యి గట్టిగా నొక్కారు.

"నేనే పంపిన అక్కా. తప్పు నాది."

ఊరంతా ఆ మాటనే పట్టుకుంది. నెల తిరక్కుండానే ఆమె ఉద్యోగం పోయింది. వనపర్తిలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తూ నిరుడు చనిపోయారు. అంజలి మళ్లీ నడవలేదు.

టీచర్ పోయాకే నేను బాలమ్మ ఇంటికి వెళ్లగలిగాను. గడప దగ్గరే నిలబడి, ఆ రోజు పడేసింది నేనేనని చెప్పాను. మంచం మీద అంజలి గోడ వైపు తల తిప్పుకుంది.

"ఆనాడే తెల్సు. అంజలే చెప్పింది," అంది బాలమ్మ. "నీ చదువు ఆగిపోతదని, ఎవ్వరికీ చెప్పొద్దని టీచర్ నా కాళ్లు పట్టుకున్నది. నేను చెప్పలే. గది గాదు నేనడిగేది. ఆమె ప్రతి ఐతారం వచ్చి దీని కాళ్లకు నూనె రాసేది. నువ్వు ఇన్నేండ్లు ఏడికి పోయినవ్ బిడ్డా?"

అప్పటి నుంచి ఆదివారాలు వెళ్తున్నాను. అంజలి నాతో మాట్లాడదు.