జానమ్మక్క సాక్ష్యం పేపరు

లా కాలేజీల చేరిన మొదటి రోజు నేను జానమ్మక్కను చూసి లేచి నిలబడి నమస్తే పెట్టిన. లెక్చరర్ అనుకున్న. ముప్పై తొమ్మిదేండ్ల మనిషి, ఇస్త్రీ చేసిన కాటన్ చీర, కండ్లద్దాలు, చేతిల ఫైలు. ఆమె గాబరాపడి నాకు తిరిగి నమస్తే పెట్టి, "నేను గూడ చదువుకోనీకే వచ్చిన బిడ్డా, కూసో కూసో," అనుకుంట నా పక్కనే కూసున్నది. ఆ బెంచీల మేమిద్దరం మూడేండ్లు కూసున్నం.

నా పేరు అఖిల. మాది రామన్నపేట. బాపు ఇప్పటికీ మగ్గం నేస్తడు. డిగ్రీ అయినంక లాసెట్ రాస్తే నల్గొండల ఒక చిన్న ప్రైవేటు కాలేజీల సీటొచ్చింది. కింది అంతస్తుల బీఈడీ కాలేజీ, పైన మాది. రిజిస్టర్ల పేర్లు అరవై ఉంటుండె గని రోజూ వచ్చెటోళ్లం పదకొండు మందిమే. అండ్ల ఒక హోంగార్డు, ఒక రిటైరైన పంతులు, ఒక ఆర్టీసీ కండక్టరు. సంసారం చేసుకుంట చదివే ఆడమనిషి మాత్రం జానమ్మక్క ఒక్కతే.

కోర్టు ముంగట రేకుల షెడ్డు కింద టైపు కొట్టుడు ఆమె పని. పదిహేడేండ్ల సంది అదే జాగా. ఆమె పుట్టింది కోస్గి దగ్గర పల్లెల. అమ్మనాయినలు కూలికి పోయెటోళ్లు. ఇంటర్ చదివేటప్పుడు ఎండకాలం సెలవులల్ల కోస్గికి నడిచిపోయి టైపు నేర్చుకున్నది, లోయరూ హయ్యరూ రెండు పరీక్షలూ పాసైంది. పెండ్లి చేసుకొని నల్గొండకు వచ్చింది. పెనిమిటి కృష్ణయ్య బావ బత్తాయి మార్కెట్ల హమాలి. మిషన్లు పోయి కంప్యూటర్లు వస్తే అదీ నేర్చుకున్నది. ఓపెన్ యూనివర్సిటీల డిగ్రీ కట్టి అదీ పూర్తి చేసింది.

"గిప్పుడు లా ఎందుకక్కా?" అని ఒకనాడు అడిగిన.

అక్క నర్సింగమ్మ అనే ఆమె సంగతి చెప్పింది. మొగడు వదిలిపెట్టిపోతే నర్సింగమ్మ పిల్లల ఖర్చు కోసం కేసు వేసింది. ఒక వకీలు దగ్గరి జూనియర్ పిటిషన్ చెప్తుంటె అక్క టైపు కొట్టింది. నర్సింగమ్మ చంకల ఒక బిడ్డ, కొంగు పట్టుకొని ఇద్దరు పిల్లలు. కాయితంల మాత్రం ఇద్దరి పేర్లే ఉన్నయి. "సార్, ముగ్గురున్నరు గద" అంటె, "నేను చెప్పింది కొట్టమ్మా, నువ్వు వకీలువా ఏంది?" అన్నడట. కొట్టింది. ఆర్డరు ఇద్దరికే వచ్చింది. నర్సింగమ్మ షెడ్డు కాడికి వచ్చి, "నీ చేత్తోనే కొట్టినవ్ గద, నా చిన్నబిడ్డ ఎటు పోయింది?" అని అడిగింది. ఆ మూడో పేరు ఎక్కించనీకి ఏడాదిన్నర పట్టింది.

"నాకు తెలుసు. తెలిసి గూడ కొట్టిన," అన్నది జానమ్మక్క. "అదే సంవత్సరం లాసెట్ ఫారం నింపిన."

పొద్దుటి పూట చెల్లె తిరుమలను షెడ్డు కింద కూసోబెట్టి క్లాసుకు వస్తుండె. రెండు గంటలకు క్లాసులు అయిపోంగనే ఉరుకుడు. ఏ సెక్షన్ల ఏముందో గుర్తు తెచ్చుకునేటప్పుడు ఆమె వేళ్లు బెంచీ మీద టైపు కొడుతున్నట్టు ఆడుతుండె. ఇంగ్లీషు మాటలకు స్పెల్లింగు వేళ్లకు తెలుసు, నోటికి రాదు. నేను పలుకుడు చెప్తుంటి, ఆమె నాకు దావా కాయితం ఎట్లుంటదో, ఏ మాట ఎక్కడ రావాల్నో చెప్తుండె. రెండో ఏడు మూట్ కోర్టని క్లాసులనే ఉత్తుత్తి కోర్టు పెట్టి వాదించమని నిలబెడితే, "యువర్ ఆనర్" అని ఒక్క మాట అని ఆగిపోయింది. నాలుగు నిమిషాలు అట్లనే నిలబడి కూసున్నది. మాకు సాక్ష్య చట్టం చెప్పే పరమేశ్వర్ సార్ నవ్వలే. "ఏం ఫికర్ లేదు జానమ్మా. కోర్టుల సగం మంది మొదటి రోజు గట్లనే ఉంటరు. నేను గూడ," అన్నడు.

అసలు కష్టం ఐదో సెమిస్టర్ల వచ్చింది.

సాక్ష్య చట్టం పరీక్ష పొద్దున కృష్ణయ్య బావ లారీ మీదికెళ్లి జారి పడ్డడు. తోటి హమాలీలు దవాఖానకు తీస్కపోయిన్రు. అక్క అక్కడికి ఉరికింది. ఎక్స్‌రే తీసి, ఎముక ఇరగలే, నడుము పట్టింది అని చెప్పేదాక ఉండి, ఆటో ఎక్కి పరీక్షకు వచ్చింది. పది నిమిషాలు ఆలస్యం. నేను రెండు బెంచీల వెనుక ఉన్న. చెమట తుడుచుకుంట, తొందర తొందరగ ఆన్సర్ బుక్కు మీది గళ్లు నింపుడు చూసిన. తర్వాత టైం అయ్యేదాక తల ఎత్తకుండ రాసింది. బయటికొచ్చి, "మంచిగ రాసిన పిల్లా. ఇగ దవాఖానకు పోత," అని పోయింది.

రెండు నెలలకు ఫలితాలు వచ్చినయి. క్లాసుల అందరం ఫోన్లు చూసుకుంటున్నం. నేను అన్నీ పాసు. జానమ్మక్క ఫోన్ నా చేతికిచ్చి, "నువ్వే చూడు, నాతోని కాదు," అన్నది. నాలుగు పేపర్లు పాసు. సాక్ష్యం పేపరు కాడ మార్కుల్లేవు. ఆబ్సెంట్ అని ఉన్నది.

నేను చెప్పంగనే ఆమెకు అర్థం కాలే. "నేను పోయిన గద అఖిలా? నువ్వు చూసినవ్ గద?" అన్నది. తను పరీక్షకు పోయిందా లేదా అని నన్ను అడుగుతున్నది.

కాలేజీ ఆఫీసుల నరేష్ అని క్లర్కు. మంచోడే గని ఉన్నది ఉన్నట్టు చెప్తడు. "తక్కువ మార్కులొస్తె మళ్ల దిద్దించొచ్చక్కా. ఆబ్సెంట్ అంటె దిద్దనీకి పేపరే లేదని లెక్క. సప్లమెంటరీ రాసుడే," అన్నడు. అది రాసి, ఫలితం వచ్చి, సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి ఇంకో ఏడాది పోతది.

ఆమె ఏడవలే. మెట్ల మీద కూసొని అరచెయ్యి మీద వేలుతోని హాల్ టికెట్ నంబరు రాసుకున్నది. తర్వాత మెల్లగ, "నేనే ఏదో తప్పు నింపిన. ఆనాడు నా కండ్ల ముంగట కృష్ణయ్యే ఉన్నడు. హాల్ టికెట్ నంబరు తప్పు రాసుంట," అన్నది.

పరమేశ్వర్ సార్ దగ్గరికి పోయినం. ఆయన అంతా విని, "పరీక్ష హాల్ల సంతకాల షీటు తిప్పుతరు గద. నీ పేరు ముంగట సంతకం పెట్టినవా?" అని అడిగిండు.

"పెట్టిన సార్. ఆన్సర్ బుక్కు నంబరు గూడ దాని మీద రాసిన."

"అయితె నువ్వు పోయినట్టు కాయితం ఉన్నది. యూనివర్సిటీకి అర్జీ పెట్టు. నువ్వే రాయి."

ఆ మధ్యాహ్నం షెడ్డు కింద కంప్యూటర్ ముంగట కూసున్నది. వేల పిటిషన్లు కొట్టిన మనిషి. అర్జీదారు అని కొట్టి, పక్కన తన పేరు కొట్టంగనే చేతులు ఆగిపోయినయి. మొదటిసారి రాసిన దాంట్ల పరీక్షల విభాగం నిర్లక్ష్యం అని ఉన్నది. చదివి తీసేసింది. రెండోది అటూ ఇటూ గాకుండ ఉన్నది. అదీ తీసేసింది. మూడోది ఒక్క పేజీ. ఆనాడు నా భర్త దవాఖానల ఉన్నడు, నేను తొందరల నా నంబరు తప్పుగ నింపిన అని అనుకుంటున్న, సంతకాల షీటుతోని నా ఆన్సర్ బుక్కు నంబరు సరిచూడమని వేడుకుంటున్న అని రాసింది.

సార్ చదివి, "తప్పు నీదేనని ముందుగాలనే ఒప్పుకుంటె వాళ్లకు కాదనుడు సులువైతది. ఆలోచించుకో," అన్నడు.

"అయింది నాతోనే సార్. లేని మాట నేనెందుకు రాయాలె? మళ్ల ఇంకొకసారి ఒకరు చెప్పింది కొట్టినట్టయితది."

సార్ ప్రిన్సిపల్‌తోని సంతకం చేయించి, ముద్ర వేయించి ఇచ్చిండు.

తెల్లారి ఇద్దరం బస్సెక్కినం. ఆధార్ కార్డులు చూపిస్తె కండక్టర్ ఆడోళ్లకిచ్చే పైసల్లేని జీరో టికెట్లు కొట్టి ఇచ్చిండు. యూనివర్సిటీల పరీక్షల సెక్షన్ల నిర్మలమ్మ అని ఒక మేడం. అర్జీ చదివి, ముఖం ఎత్తకుండనే, "అందరూ నేను రాసిన నేను రాసిన అనే వస్తరు," అన్నది. మళ్ల ఒకసారి చదివింది. "తప్పు నాదే అని రాసుకొని వచ్చినామెను మాత్రం ఇప్పుడే చూస్తున్న. కూసోండి."

మూడు గంటలు కూసున్నం. నేను తెచ్చిన చపాతీ ఆమె ముట్టలే. ఆఖరికి మేడం లోపటి గదిలకు పిలిచింది. ఒక పెద్దసారు కూసున్నడు, ఆయన సంతకం అయితేనే పని అయితదట. ఆయన ముంగట సంతకాల షీటు ఉన్నది. నాకు మూట్ కోర్టు యాదికొచ్చింది. ఈమె నోరు విప్పుతదా అనుకున్న.

"ఆ పేపరు నువ్వే రాసినవని ఏంది రుజువు?" అన్నడు పెద్దసారు.

జానమ్మక్క నిలబడే ఉన్నది. వేళ్లు చీర కుచ్చిళ్ల మీద ఒకసారి కదిలినయి.

"సార్, ఆ షీటు మీద నా సంతకం ఉన్నది. దాని పక్కన ఆన్సర్ బుక్కు నంబరు ఉన్నది. అది నేను రాసిందే. కింద హాలుకొచ్చిన సారు సంతకం ఉన్నది. ఆ నంబరు బుక్కు మీ దగ్గర ఎక్కడున్నా తెప్పించుండ్రి. మీద హాల్ టికెట్ నంబరు ఏమున్నా సరే, లోపట చేతిరాత నా మిగిలిన నాలుగు పేపర్లతోని పెట్టి చూడుండ్రి. కలవకపోతె నేను మళ్ల అడగ. నేను పరీక్షకు వచ్చినట్టు చెప్పెటోళ్లు పది మంది ఉన్నరు, ఈ పిల్ల గూడ చూసింది. గని ఎవరి మాటా అక్కర్లేదు సార్, కాయితాలు చూస్తె తెలుస్తది."

ఎక్కడా ఆగలే. గొంతు పెంచలే. నేను ఆమె దిక్కే చూస్కుంట నిలబడ్డ.

పెద్దసారు, "ఆనాటి పేపరు ఏంది?" అన్నడు.

"సాక్ష్య చట్టం సార్."

ఆయన నిర్మలమ్మ మేడం దిక్కు చూసి నవ్విండు. అర్జీ మూలకు ఏదో రాసి సంతకం పెట్టిండు. "లెక్క తేలని బుక్కులు ఒక కట్ట పక్కకు పెట్టి ఉంటయి. అండ్ల చూస్తరు. పది పన్నెండు రోజులు పడతది. పోయిరా అమ్మా."

బయటికి రాంగనే ఆమె గోడకు ఆనుకొని, "నేను ఏం మాట్లాడిన అఖిలా? మంచిగనే మాట్లాడిన్నా?" అని అడిగింది. నేను చెప్పబోయేలోపు, "ఆ చపాతీ ఇటియ్యి," అన్నది.

పన్నెండు రోజులు అన్నది పదహారు అయినయి. అన్ని రోజులూ షెడ్డు కింద కూసున్నది గని తప్పులు పోతున్నయని తిరుమల చెప్పింది. కృష్ణయ్య బావ నడుముకు పట్టీ కట్టుకొని వచ్చి పక్కన కూసుంటుండె. "నావల్లనే గద," అని ఒకసారి అన్నడు. "నువ్వు పడకుండ ఉంటె నేను ఇంకేదో తప్పు చేస్తుంటి, ఊకో," అన్నది అక్క.

పదిహేడో రోజు నరేష్ ఫోన్ చేసిండు. నేను ఎత్తిన. "అక్కకు చెప్పు. బుక్కు దొరికిందట. హాల్ టికెట్ నంబరు చివర నలభై ఏడుకు డెబ్బై నాలుగు రాసిందట. ఫలితం మార్చిన్రు. ఎనభైకి యాభై ఏడు," అన్నడు.

నేను కోర్టు దాక ఉరికిన. చెప్తె ఆమె, "మళ్లొక్కసారి చెప్పు," అన్నది. చెప్పిన. "ఇంకొక్కసారి," అన్నది. మూడోసారికి కృష్ణయ్య బావనే అరిచి చెప్పిండు. పక్క షెడ్లల్ల నోటరీలు, స్టాంపులు అమ్మెటోళ్లు అందరూ లేచి వచ్చిన్రు. బావ మార్కెట్ కాడికి పోయి సంచెడు బత్తాయిలు తెచ్చి అందరికీ పంచిండు. అక్క కుర్చీల కూసొని ఒక బత్తాయి ఒలుచుకుంట ఒలుచుకుంట, పట్టపగలు, అందరి మధ్యలనే నిద్రపోయింది. తిరుమల మెల్లగ చేతిలకెళ్లి పండు తీసుకున్నది. గంటన్నర ఎవ్వరూ లేపలే. ఒక వకీలు కాయితాలు పట్టుకొని వస్తె, బావ నోటి మీద వేలు పెట్టి పక్క షెడ్డు చూపించిండు.

ఆరో సెమిస్టరు ఇద్దరం ఒక్కసారే పాసైనం. బార్ కౌన్సిల్ల వకీళ్లుగ పేర్లు ఎక్కించుకోనీకి హైదరాబాద్ పోయినప్పుడు మా బాపు, కృష్ణయ్య బావ గూడ వచ్చిన్రు. హాలు నిండ నల్లకోట్లు. ఒక్కొక్కరి పేరు పిలుస్తుంటె జానమ్మక్క లేచి పోయింది, అక్కడ సంతకం పెట్టింది, కాయితం తీసుకొని వచ్చి కూసున్నది. ఎవరూ ఏమీ అడగలే. ఏ నంబరూ తప్పు పోలే. అంత తొందరగ అయిపోవుడు ఆమెకు నమ్మబుద్ధి కాలే, రెండుసార్లు వెనుకకు తిరిగి చూసింది.

వచ్చేటప్పుడు బస్సుల మా బాపు, బావ ముందు సీట్ల కూసొని మగ్గం నడుముకు ఎక్కువ నొప్పా, మూటలు ఎక్కువ నొప్పా అని మాట్లాడుకుంటున్నరు. జానమ్మక్క మెడకున్న వకీళ్ల తెల్లపట్టీ ఊడదీసి, మడిచి, కవర్ల పెట్టుకున్నది.

"గీరుకపోయింది పిల్లా మెడంత. రేపు పొద్దున కోర్టుకు పోయేటప్పుడు నువ్వే కట్టాలె నాకు," అని, కిటికీ తెరిచి గాలికి కండ్లు మూసుకున్నది.