కొలంబో బోర్డు మీద నా పేరు

గుంటూరు నుంచి వచ్చి నాంపల్లిలో స్థిరపడ్డ మావాళ్ళకు నా ఉద్యోగం మీద గర్వం. ఆబిడ్స్‌లో ఒక బడికి ఎనిమిదో తరగతి మాస్టారిని. టెంపరరీ అన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. మార్చిలో హెడ్మాస్టరు గారు మాత్రం ఎత్తారు.

"ఏంది సారూ, నీ క్లాసు లొల్లి నా రూం దాక వస్తున్నది. సెలవులైనంక గూడ గిట్లనే ఉంటే నౌకరీ పక్కా గాదు. జర ఫికర్ చెయ్."

చేశాను. కొలంబోలో లెక్కలు చెప్పే సెల్వరాజా నా కలం స్నేహితుడు. తన క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుందని ప్రతి ఉత్తరంలోనూ రాస్తాడు. మన వేసవి సెలవుల్లో అక్కడ బడి ఉంటుంది. చూసివద్దామని, హెడ్మాస్టరు గారికి చెప్పి మే నెలలో బయల్దేరాను.

నాంపల్లిలో నాలుగున్నర మద్రాసు బండి ఐదింటికి కదిలింది. ఎదుటి సీట్లో శ్రీకాకుళం పెద్దాయన, రంగూన్‌లో పాతికేళ్ళు పంతులుగా చేసి తిరిగొచ్చాడట. నా సంగతి విని నవ్వాడు.

"పిల్లల అల్లరి చూడ్డానికి సముద్రం దాటుతున్నావా బాబూ? మా రంగూన్లో బల్లల కింద కాళ్ళతో తాళం వేసీవోరు. మొహాలు చూస్తే బుద్ధుళ్ళే!"

పులిహోరలో సగం నాకే పెట్టాడు.

మద్రాసులో దిగి ఎగ్మూరు స్టేషనుకు మారాలి. గంటైనా చేతిలో ఉంచుకోండి. రామేశ్వరంలో పాసుపోర్టుతోపాటు టీకా కాగితం కూడా చూస్తారు. ఓడలో అందరూ వాంతులు చేసుకున్నారు. నేనూ సంప్రదాయం తప్పలేదు. తలైమన్నారులో బండెక్కితే తెల్లవారేసరికి కొలంబో.

పదింటికి సెల్వరాజా క్లాసులో చివరి బెంచీ మీద కూర్చున్నాను. నలభై మంది. నిజంగానే నిశ్శబ్దం. పదిన్నరకు ఆఫీసు నుంచి పిలుపొచ్చి అతను వెళ్ళాడు. మానిటరు సుద్దముక్కతో బోర్డు దగ్గర నిలబడ్డాడు. మాట్లాడినవాళ్ళ పేరు రాయడం, మళ్ళీ మాట్లాడితే పక్కన ఇంటూ పెట్టడం. అచ్చం మన పద్ధతే. ప్రాణం లేచివచ్చింది.

ఎక్కడో గుసగుస మొదలైంది. ఆబిడ్స్ అలవాటు కొద్దీ లేచి, "సైలెన్స్!" అన్నాను. కిటికీలో కాకి ఎగిరిపోయింది. చాలలేదనిపించి మరో రెండుసార్లు అన్నాను.

సెల్వరాజా పరుగున వచ్చాడు.

"ఏమైంది? ఆఫీసు దాకా వినిపించింది!"

బోర్డు మీద ఒకటే పేరు. 'విజిటర్ సార్', పక్కన రెండు ఇంటూలు.

"రూలు ప్రకారం నిలబడాలి," అన్నాడు సెల్వరాజా ఇంగ్లీషులో, నవ్వకుండా.

గంట కొట్టేదాకా నిలబడ్డాను. పిల్లలు గుసగుసలాడినప్పుడల్లా అతను పాఠం ఆపి, ఇంకా మెల్లగా మొదలుపెట్టేవాడు. వినపడక వాళ్ళే ఊరుకునేవారు.

హెడ్మాస్టరు గారన్న లొల్లి ఎవరిదో తిరుగు ప్రయాణంలో మద్రాసు దాకా ఒప్పుకోలేదు. బెజవాడలో ఇడ్లీ తింటూ ఒప్పుకున్నాను. నేను చూసినంతలో, విన్నంతలో పిల్లలు ఏ దేశంలోనైనా ఒకటే. పెద్ద గొంతు మాత్రం ఆబిడ్స్‌దే.

నాంపల్లిలో దిగి మొజంజాహీ మార్కెట్ మీదుగా వెళ్తుంటే, హెడ్మాస్టరు గారు మామిడిపళ్ళు బేరమాడుతూ కనిపించారు.

"ఏం సారూ, గాడ పోరగాళ్ళు ఎట్లున్నరు?"

"మనవాళ్ళలాగేనండి," అన్నాను మెల్లగా.

"ఏందీ? జర గట్టిగ చెప్పు, వినపడ్తలేదు!"

నౌకరీ మీద మొదటిసారి ఆశ పుట్టింది.