పాప టోకెన్ మీద అమ్మ వయసు

2023 వానాకాలం. జూబ్లీ హిల్స్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు, అయిదో అంతస్తు. నెలకో శనివారం మా బృందం అక్కడ కలిసేది. వేరే పనులు చేస్తూ టెక్ రంగంలోకి రావాలనుకునే ఆడవాళ్ల కోసం పెట్టుకున్న బృందం అది. నేను పన్నెండేళ్లు సినిమా సెట్లలో కంటిన్యుటీ చూసి, నలభై దగ్గరపడ్డాక టెస్టింగ్‌లోకి మారినదాన్ని. కంటిన్యుటీ అంటే, ముందు షాట్‌లో హీరో ఎడమచేతికున్న వాచీ తర్వాతి షాట్‌లో కుడిచేతికి మారకుండా కాపలా కాయడం. టెస్టింగ్ అంటే, యాప్ జనం చేతికి వెళ్లకముందే అందులో తప్పులు పట్టడం. రెండింటికీ కావలసింది పక్కవాళ్లకి విసుగు పుట్టించేంత చాదస్తం. అది నాకు చిన్నప్పట్నుంచీ దండిగా ఉంది.

ఆ నెల ఒక విశేషం. ఆస్పత్రుల్లో టోకెన్లు ఇచ్చే యాప్ తయారుచేస్తున్న చిన్న కంపెనీ ఒకటి, మా దగ్గర్నుంచి ఒకరిని ట్రైనీగా తీసుకుంటానంది. ఒకే ఒక్క సీటు. పదకొండు మంది వచ్చారు. అందులో సుజాత ఒకతె. ఉండేది బోరబండ. ఫిల్మ్‌నగర్‌లో పదిహేనేళ్లుగా కాస్ట్యూమ్స్ అసిస్టెంట్. నాకు సెట్ల నుంచే తెలుసు. ఇస్త్రీ బల్ల ముందు నిలబడి నిలబడి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఇక నిలబడే పని మానేయమని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. కూర్చుని చేసే పని ఏదైనా దొరక్కపోతే ఆమె ఇంట్లోనే ఉండిపోవాలి. అందుకే ఏడాదిపాటు ఫోన్‌లో పాఠాలు చూసి టెస్టింగ్ నేర్చుకుంది.

మా పోస్టర్ మీద 'అందరికీ స్వాగతం' అని ఇంత లావు అక్షరాలు. కింద వాచ్‌మన్ మాత్రం ఆమెను చూడగానే పనివాళ్ల లిఫ్ట్ చూపించాడట. పైకి వచ్చాక కార్తీక్ వంతు. బృందాన్ని నాతో కలిసి నడిపే ఇంజనీరు. మనసు మంచిదే గానీ మైకు పట్టుకుంటే మనిషి మారిపోతాడు. ఒక్కొక్కరూ ఒక్క నిమిషం ఇంగ్లిష్‌లో తమ గురించి చెప్పుకోవాలన్నాడు. దానికి మార్కులు కూడానట. సుజాత లేచి పేరు చెప్పింది. తర్వాత మాట రాలేదు. గదిలో అందరూ ధైర్యం చెబుతున్నట్టు నవ్వారు. ఆ నవ్వులకి నాకే ఒళ్లు మండింది, ఆమెకి ఎలా ఉండి ఉంటుందో.

తర్వాత గంటసేపు యాప్‌లో తప్పులు వెతికే పరీక్ష. సుజాత తన కాగితం నా చేతిలో పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

"టాలెంట్ ఉందేమో మేడమ్, కమ్యూనికేషన్ లేదండీ. క్లయింట్ కాల్‌లో ఏం మాట్లాడుతుంది?" అని కార్తీక్ ఆమె పేరు కొట్టేశాడు. కాదనడానికి నాకేం మొహం ఉంది? ఆ ఒక్క నిమిషం నిబంధన పెట్టింది నేనే. ఆత్మవిశ్వాసం పెరుగుతుందని రెండేళ్ల క్రితం ఉబలాటపడి పెట్టాను.

మర్నాడు పొద్దున కాగితాలు ముందేసుకున్నాను. మిగతా పదిమందీ బటన్ రంగు బాలేదని, పేజీ నెమ్మదిగా వస్తోందని రాశారు. సుజాత తెలుగులో రాసింది, ఏ సీన్లో ఎవరి బట్టలేవో కాస్ట్యూమ్ పుస్తకంలో రాసే పద్ధతిలోనే. 'సీన్ 3. ముందు: అమ్మ పేరు, వయసు 34, షుగర్ ఉంది. వెనక్కి వచ్చి పాప పేరు కొట్టిన. తర్వాత: పేరు పాపది. వయసు 34, షుగర్ ఉంది.'

నా ఫోన్‌లో చేసి చూశాను. నిజమే. పాప టోకెన్ మీద అమ్మ వయసు, అమ్మ జబ్బు. తొందరలో ఉన్న డాక్టరు అది చూసి మందు రాస్తే? వెంటనే కంపెనీకి ఫోన్ చేశాను. ఆ వారమే ఆస్పత్రులకి పంపబోతున్నారట, ఆపేశారు. పట్టుకున్నది ఎవరని అడిగి, ఆమెనే తీసుకుంటామన్నారు. దాంతో కార్తీక్ గొంతు కూడా మారింది, ఆమెను వెంటనే పిలవండి మేడమ్ అన్నాడు.

ఫిల్మ్‌నగర్‌లో కాస్ట్యూమ్స్ గోడౌన్‌కి నేనే వెళ్లాను. సుజాత స్టూలు మీద కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. ఎవరికీ దొరకనిది నీకెలా దొరికిందని అడిగాను.

"సర్కారు దవాఖానకు ఒక్కరే ఎవరు పోతరక్కా? నాకు చూపిచ్చుకుంటె పిల్లకు గూడ చూపిస్త."

మేమంతా ఒక్కొక్కరి పేరుతోనే పరీక్షించాం. ఆమె ఇంటిల్లిపాదితో పరీక్షించింది. సీటు నీదే, రమ్మన్నాను. సంబరపడుతుందనుకున్నాను. ఆమె దారం పంటితో తెంపి, నా మొహంలోకి చూసింది.

"నువ్వు సెట్ల నుంచి పోయినప్పుడు, తొలిరోజు నిన్ను ఇంగ్లిష్‌ల చెప్పమన్నరా అక్కా?"

అనలేదు. నా మొదటి మేనేజరు టీ ఇప్పించి, సెట్లలో ఏం చేసేవారమ్మా అని తెలుగులోనే అడిగారు. అరగంట ఆపకుండా మాట్లాడాను. ఆ మాటే ఒప్పుకున్నాను.

"మరి మమ్మల్నెందుకు అడుగుతున్నవ్?"

సిగ్గేసింది. ఆ నిబంధన తీసేస్తామన్నాను.

"తీసేసినంక చెప్పు. వస్త."

ఆ సాయంత్రమే తీసేశాను. ప్రొఫెషనల్‌గా ఉండదండీ అని కార్తీక్ కాసేపు గునిశాడు. సుజాత చేరింది, ఇవాళ్టికీ అక్కడే పనిచేస్తోంది. ఆ తర్వాతి నెల పోస్టర్ మీద ఆమెను అడక్కుండానే ఆమె ఫోటో వేసేశాడు మహానుభావుడు. అదీ పీకించాను. ఈ విసుగు నాకు ఈ జన్మకి తీరేలా లేదు.

విసుగులో సగం నా మీదే. పన్నెండేళ్లు ఎవరి వాచీ ఏ చేతికుందో రాసుకున్నదాన్ని. నన్ను తెలుగులో లోపలికి పిలిచిన గుమ్మం దగ్గరే నేను ఇంగ్లిష్‌ని కాపలా పెట్టిన సంగతి, సుజాత అడిగేదాకా నా కంటపడలేదు.