నీళ్ళ అంచున కుర్చీ

మనామాలోని అద్లియా పేట నుంచి వస్తూ కారు సముద్రం వైపు తిరగగానే కిటికీలోంచి ఆ వాసన కొట్టింది. నీళ్ళు వెనక్కి పోయాక ఎండకు ఉడికే నాచు, బురద, ఉప్పు కలిసిన వాసన. పక్కనున్న ఇంజినీరు ముక్కు మూసుకున్నాడు. నాకు మాత్రం సత్యవతి మేడమ్ గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది.

మనామాలో బంగారు దుకాణాల పైనున్న చిన్న ఆఫీసులో ఆవిడ నాకు పై అధికారి. నగరాలకు కట్టడాల నిబంధనలు రాసిపెట్టడం మా పని. ఆవిడది రాజమండ్రి, నాది కరీంనగర్. నేను చేరిన కొత్తలోనే వేరే దేశంలో నది ఒడ్డున ఇళ్ళు కట్టబోతున్న కంపెనీ ఒకటి మాకు పని అప్పగించింది. నీటికీ ఇంటికీ మధ్య ఏ నగరం ఎంత సెట్‌బ్యాక్ వదలమంటుందో పోల్చి, వాళ్ళు ఎంత వదలాలో చెప్పాలి. బహ్రెయిన్‌లో చూద్దామన్నా ఒక్క నది లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నవ్వుకుంటూనే నగరాలన్నిటినీ మీటర్ల లెక్కన వరుసగా పేర్చి, మురిసిపోతూ తీసుకెళ్ళాను.

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "బాగానే పేర్చావమ్మాయ్. ఇంతకీ ఎక్కణ్ణుంచి కొలిచారంట?"

"నది కాడికెల్లే గద మేడమ్?"

"ఏ నది? మా గోదారి ఎండాకాలంలో ఇసుక తిన్నెలేసుకుని అల్లంత దూరాన ఉంటుంది. ఎర్రనీళ్ళొచ్చాయంటే రేవు మెట్లన్నీ మింగేస్తుంది. ఏ గోదారికి టేపు పెడతావు?"

మళ్ళీ కూర్చుని చదివాను. ఒక నగరం గట్టు నుంచి కొలుస్తోంది, ఇంకొకటి నది నడిమధ్య నుంచి, మరొకటి పెద్ద వరద ముంచిన చోటు నుంచి. ఆ లెక్కన చూస్తే నేను అట్టడుగున పెట్టిన నగరమే అన్నిటికంటే ఎక్కువ జాగా వదులుతోంది. చదువుకున్నదంతా ఆ రోజే ఒంటికి పట్టిందనిపించింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. వేసవిలో నీళ్ళున్న చోటు నుంచే కొలవమని ఆ కంపెనీ పట్టుబట్టింది. అలాగైతే వాళ్ళకు ఇంకో వరస విల్లాలు పడతాయి. పెద్ద వరద ముంచే చోటే గీత గీసి, అక్కణ్ణుంచి కొలవాలన్న మా నివేదిక మీద సంతకం మేడమ్‌ది. మా ఆఫీసు యజమానే మా అందరికీ కఫీల్, అంటే మా వీసాలకు పూచీ ఉన్నవాడు. ఆయన వచ్చి, "యల్లా మేడమ్, సంతకం పెడితే ఖలాస్" అన్నాడు. కాదంటే ఉద్యోగం పోతుంది, దాని వెనకే వీసా. ఇక్కడే చదువుతున్న ఆవిడ కూతురి చదువు నట్టేట్లో పడుతుంది. నాకు భయమేసింది.

"పెట్టేయిండ్రి మేడమ్. బిడ్డ సదువు ఆగమైతది."

"అక్కడ ఇళ్ళు కొనుక్కునేవాళ్ళకీ పిల్లలుంటారు కదే" అన్నారావిడ.

మర్నాడు కఫీల్‌ను చాయ్‌కని సముద్రం దగ్గరికి పిలిచారు. ఆటు వేళ, నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, బురదలో నడుచుకుంటూ వెళ్ళి, సరిగ్గా నీళ్ళ అంచున మడత కుర్చీ వేశారు. "ఇదే గట్టు సార్. ఇక్కణ్ణుంచే కొలుద్దాం. కూర్చోండి."

ఆయన చేపల పడవలున్న ఇంట్లో పుట్టినవాడు. నీళ్ళు చూశాడు, వెనక ఎక్కడో ఒడ్డుకు అంటుకున్న తడి నాచు చూశాడు, పకపకా నవ్వాడు. "ఇక్కడ ఇల్లు కడితే సాయంత్రానికి చేపలు కాపురముంటాయి మేడమ్!" ఆ నవ్వు కాసేపటికి ఆగింది. కుర్చీ కాళ్ళు తడుస్తుంటే ఆయనే దాన్ని ఎత్తి ఒడ్డుకు తెచ్చాడు. "మీ గీతే ఉండనీ" అన్నాడు.

ఆ కంపెనీ మళ్ళీ మా గడప తొక్కలేదు. కఫీల్ కొన్నాళ్ళు సణిగాడు, ఆ తర్వాత ఆ కుర్చీ కథ తన ఆలోచనే అన్నట్టు అందరికీ చెప్పుకున్నాడు. మేడమ్ విని నవ్వేవారు. ఆవిడ దగ్గర పనిచేశానని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే.

కూతురి చదువయ్యాక ఆవిడ రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను, సంతకం నాది. ఈ ఇంజినీరు కూడా మరో నది ఒడ్డు పని తెచ్చి, గీత కాస్త ముందుకు జరపమని వారం రోజులుగా వెంటపడుతున్నాడు. కారు ఆపి, డిక్కీలోంచి మడత కుర్చీ తీసి, నీళ్ళ అంచు దాకా నడిచి వేశాను.

"కూర్చోండి సార్."

ఆయన బూట్ల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. "ఎంతసేపు మేడమ్?"

"నీళ్ళొచ్చేదాకా."