రిజిస్టరుకెక్కని స్టూలు

ఆ రోజుల్లో మా యూనివర్సిటీలో ఏదైనా ఉందని నమ్మాలంటే దానికో రిజిస్టరు ఉండాలి. రిజిస్టరు ఉంటే వస్తువు లేకపోయినా ఉన్నట్టే లెక్క. అనకాపల్లిలో బస్సు దిగి, ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని, సైకాలజీ ఎమ్మే సర్టిఫికెట్టు నలగకుండా పట్టుకెళ్లి నేను చేరిన ఉద్యోగం కూడా అలా పుట్టిందే. తనిఖీ కమిటీ వస్తోంది, విద్యార్థులకు కౌన్సెలింగ్ కేంద్రం ఉండి తీరాలి అని పైనుంచి కాగితం వచ్చింది. మా రిజిస్ట్రారుగారు (చాటుగా అందరం ఆయన్ని ఫైలుగారు అనేవాళ్లం) ఆటసామాన్ల గది సగం ఖాళీ చేయించి, బోర్డు కొట్టించి, ముందు రిజిస్టరునీ తర్వాత నన్నూ అందులో కూర్చోబెట్టారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. లోకంలోని మనసులన్నీ నా నోట్సులో ఉన్నాయని గట్టి నమ్మకం.

నెలరోజులు వాలీబాల్ కోసం తప్ప ఒక్కరూ గడప తొక్కలేదు. దాంతో ఫైలుగారు రోల్ నంబర్ల వరసన రోజుకు పదిమందిని పంపమని ఉత్తర్వు వేశారు. "సమస్య ఉన్నవాళ్లే వస్తారు కదండీ" అన్నాను. "లేనివాళ్లకి లేదని కూడా రికార్డుండాలమ్మా" అన్నారు. రిజిస్టరులో పేరు, రోల్ నంబరు, సమస్య, సంతకం అని నాలుగు గడులు. మొదటి కుర్రాడు వెనక నిలబడ్డ తొమ్మిదిమందినీ ఒకసారి చూసి, ఆలోచించి, సమస్య గడిలో 'తలనొప్పి' అని రాశాడు. రెండోవాడు దాని కింద 'అదే' అన్నట్టు రెండు గీతలు పెట్టాడు. వారం తిరిగేసరికి ఆ గీతలు పేజీలకు పేజీలు దిగి, సెకండియర్ మొత్తానికి తలనొప్పి పట్టుకుంది. నేను ఒక్కొక్కరికీ నీళ్లు బాగా తాగమని, వేళకి పడుకోమని చెప్పి పంపేదాన్ని. ఫైలుగారు పేజీలు తిరగేసి ఎంతో ముచ్చటపడ్డారు.

నా గది బయట బెల్లు మామ స్టూలు ఉండేది. మామది కె. కోటపాడు వైపు, పెద్దవయసు అటెండరు. వరండా చివర వేలాడే రైలుపట్టా ముక్కని ఇనపకడ్డీతో కొట్టి పీరియడ్లు మార్చడం ఆయన పని. పిల్లలకీ మామే, నాకూ మామే. నా గదిలో రెండు నిమిషాలుండి బయటపడ్డ పిల్లలు ఆయన దగ్గర కూలబడి గంటలు మాట్లాడుతుంటే, చదువుకున్నదాన్ని కాబట్టి కొంచెం జాలిపడేదాన్ని కూడా.

ఒక బుధవారం మూడో పీరియడయ్యాక బెల్లు మోగలేదు. బెల్లు లేకుండా క్లాసు వదిలే ఆచారం మాకు లేదు. లెక్కల మాస్టారు పాఠం అయిపోగొట్టి, ఏం చెయ్యాలో తోచక మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నారట. క్యాంటీన్‌లో ఉప్మా గట్టిపడిపోయింది. నలభై నిమిషాలకి నేను బయటికొచ్చి చూస్తే, స్టూలు మీద ఒక అమ్మాయి, కింద మెట్టు మీద మామ. బుచ్చయ్యపేట దగ్గర చెరకు రైతుల పిల్ల. చదువు మానేస్తాను, టీసీ ఇప్పించండి అని రాసిన దరఖాస్తు చేతిలో నలిగిపోతోంది. ఇనపకడ్డీ మామ ఒళ్లో ఉంది.

"మామా, బెల్లు" అన్నాను.

"తరవాత కొడతానమ్మా. పిల్ల ఇంకా సెప్తంది" అన్నాడు, నావైపు చూడకుండానే.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. తగిన కారణం రాసివ్వకపోతే మామ ఉద్యోగం పోతుంది (కాంట్రాక్టు మనిషి, తీసెయ్యడానికి ఒక్క సంతకం చాలు). జవాబు రాయించుకోవడానికి నా దగ్గరికే వచ్చాడు.

"ఆ అమ్మాయి ఏం చెప్పిందో రాసేద్దాం మామా. ఫైలుగారు అర్థం చేసుకుంటారు."

"అది రాయకమ్మా."

"ఉద్యోగం పోతుంది మామా."

"పోతే పోతాది. ఆ పిల్ల నాకు సెప్పింది గానీ ఫైలుకి సెప్పలేదు గదా."

"పోనీ నాకు చెప్పు. నేను కౌన్సెలర్ని."

"నీకాడికీ వచ్చిందంటమ్మా. నీళ్లు తాగమన్నావంట."

ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది. రిజిస్టరు తీసి చూస్తే ఆ పిల్ల పేరుంది, సమస్య గడిలో రెండు గీతలున్నాయి. నాకు తలెత్తుకోలేనంత సిగ్గేసింది. ఒకరు నమ్మి చెప్పింది ఇంకొకరికి చెప్పకూడదన్న పాఠం మీద ఎమ్మేలో మా క్లాసుకి ఫస్టు మార్కు నాదే మరి.

అప్పుడు కలం తీసుకుని, నా ఉద్యోగంలో మొదటిసారి ఒకరికి పనికొచ్చే పని చేశాను. అబద్ధం రాశాను. 'కౌన్సెలింగ్ కేంద్రం బయటి విభాగంలో విధి నిర్వహణలో ఉన్నందున బెల్లు ఆలస్యమైనది.' ఫైలుగారు రెండుసార్లు చదివారు. "మనకి బయటి విభాగం ఉందా?" అన్నారు. "ఉందండీ, స్టూలు" అన్నాను. "మరి ముందే చెప్పరేం, కమిటీకి చూపించొచ్చు కదా" అని మెమో వెనక్కి తీసుకుని, స్టూలుకి పెయింటుతో నంబరు వేయించి, దానికీ ఒక రిజిస్టరు మంజూరు చేశారు. కమిటీవారు స్టూలుని ఫొటో తీసుకున్నారు. మామ ఆ రిజిస్టరు ఏనాడూ తెరవలేదు. ఎండాకాలం విసురుకోవడానికి మాత్రం బాగా పనికొచ్చింది.

ఆ అమ్మాయి టీసీ తీసుకోలేదు. డిగ్రీ పూర్తిచేసి, వెళ్లేరోజు మామకి బెల్లం దిమ్మ ఒకటి ఇచ్చి, నాకు దూరం నుంచి నమస్కారం పెట్టి వెళ్లింది. మామ పని మానేసిన రోజు ఉండబట్టలేక అడిగాను, "ఇప్పుడైనా చెప్పు మామా, ఆవేళ ఏమంది?" అని. ఆయన వాచీ చూసుకుని, "కోటపాడు బస్సుకి టైమైపోనాదమ్మా" అని లేచాడు.

ఇప్పుడు మా కేంద్రానికి ఏసీ గది, మెత్తటి కుర్చీలు, ఫోన్లో అపాయింట్‌మెంట్లు, నా కింద ఇద్దరు. బెల్లు కరెంటుది, ఎవరి మాటా పూర్తయ్యేదాకా ఆగదు. స్టూలు మాత్రం గది బయట ఉంచుకున్నాను. తీరికైనప్పుడు కింద మెట్టు మీద కూర్చుంటే, నోట్సు పట్టుకుని ధీమాగా ఆటో దిగిన ఆ ఇరవై నాలుగేళ్ల పిల్ల గుర్తొస్తుంది. దానికి చెప్పాల్సింది చాలా ఉంది. కానీ ముందు దాన్ని చెప్పనివ్వాలి కదా అని నవ్వుకుని ఊరుకుంటాను.